పద్నాలుగో సాక్షి

డిగ్రీ చివరి సంవత్సరం, పరీక్షలకి ముందొచ్చిన వేసవిలో, నేను మా తాతయ్యని నిర్దోషిగా నిలబెడదామని బయలుదేరాను. అప్పటికి ఆయన పోయి ఇరవై మూడేళ్ళు. నేనాయన మొహం కూడా ఎరగను. చూడని మనిషి తరఫున పోట్లాడటం తేలిక. ఆయన ఎదురుచెప్పడు.

యూనివర్సిటీలో నాది హిస్టరీ. ఇంకెక్కడా సీటు దొరక్క చేరానని బంధువులు అనుకునేవారు గాని, నేను కోరి చేరాను. చివరి టర్ములో ఒక్కొక్కరం ఎనభై పేజీల ప్రాజెక్టు రాయాలి, అదీ పుస్తకాలు చూసి కాదు, అసలు కాగితాలు చదివి. మా మేడమ్ క్లాసుకి వస్తూనే బోర్డు మీద మూడు ప్రశ్నలు రాసేవారు. ఈ కాగితం ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఏం అడిగితే రాశారు. మూడేళ్ళూ అవే. వెనక బెంచీల్లో మేం ఆవిడ గొంతు పెట్టి, "ఈ టీ ఎవరు పెట్టారు, ఎవరి కోసం పెట్టారు, ఏం అడిగితే పెట్టారు?" అని నవ్వుకునేవాళ్ళం.

తాతయ్య గురించి నాకు తెలిసింది నాలుగు ముక్కలు. ఆయన నది దాటించే లాంచీకి సరంగు, చుక్కాని ఆయన చేతిలో ఉండేది. నాన్నకి పదకొండేళ్ళప్పుడు ఒక ఉదయం ఆ లాంచీ నది మధ్యలో మునిగింది. ముప్పై ఒక్కమంది పోయారు. అందులో ఒకామె నాయనమ్మ సొంత చెల్లెలు. తాతయ్య తాగి నడిపాడని విచారణలో తేలింది, ఆరేళ్ళు జైల్లో పెట్టారు. వచ్చాక ఇంకో పంతొమ్మిదేళ్ళు బతికాడు, మా ఇంటి వెనకగదిలో. ఆ పంతొమ్మిదేళ్ళూ నాయనమ్మ ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. వండింది, వడ్డించింది, బట్టలుతికింది, జ్వరమొస్తే మందిచ్చింది. మాట మాత్రం నాన్న ద్వారానే. "మీ నాన్నకి భోజనం పెట్టానని చెప్పు" అనేది. ఆయన రెండడుగుల దూరంలోనే కూర్చుని ఉండేవాడు. నాన్న చెప్పేవాడు. ఆయన లేచి వచ్చి తినేవాడు.

ఇదంతా అమ్మ నాకొకసారి గబగబా చెప్పేసి, "నాన్న దగ్గర ఎత్తకు" అంది.

ఆ చలికాలం లైబ్రరీలో పాత పేపర్ల బైండు తిరగేస్తుంటే, లాంచీ మునగడానికి తొమ్మిది రోజుల ముందు ఎవరో ప్రయాణికుడు రాసిన ఉత్తరం కంటబడింది. లాంచీల్లోకి నీళ్ళొస్తున్నాయనీ, పట్టినంతకి రెట్టింపు జనాన్ని ఎక్కిస్తున్నారనీ. తప్పు మనిషిది కాదేమో, లాంచీదేమో! నా ప్రాజెక్టు దొరికిందనుకున్నాను. మా ఇంటి పరువు కూడా దొరికిందనుకున్నాను.

నాన్న ఫ్రిజ్ మెకానిక్. ముందుగదే ఆయన షాపు. గోడ పొడుగునా విప్పిన కంప్రెసర్లు, చుట్టచుట్టిన రాగి గొట్టాలు, గ్యాసు సిలిండర్లు. ఎండలు ముదిరితే ఆయనకి పనితో ఊపిరాడదు, గుమ్మం ముందు ఫ్రిజ్‌లు వరసకట్టి ఉండేవి. నేను విషయం చెప్పినప్పుడు ఆయన ఒక పాత ఫ్రిజ్ వెనక గొంతుక్కూర్చుని గొట్టానికి అతుకు పెడుతున్నాడు.

"లోకంలో ఇంకేం జరగలేదా?" అన్నాడు, తలెత్తకుండానే.

"జరిగాయి నాన్నా. ఇది మనది కదా."

"మనదైతే వదిలెయ్యాలి."

"ఆయన తప్పు లేదేమో అనిపిస్తోంది."

నడిమిగదిలోంచి నాయనమ్మ కేకేసింది. "ఏంట్రా అది? ఏమంటోంది?"

"ఏం లేదమ్మా. చదువు గొడవ."

"చదువుకి గొడవెందుకు, చదువుకుంటే పోలా!"

నేను నవ్వాను. నాన్న నవ్వలేదు. "సరే, నీ చదువు నీ ఇష్టం" అన్నాడు. మంట గొట్టం మీద ఆగిపోయి ఉంది. చూస్తుండగానే రాగి ఎర్రబడి, కరిగి, చిల్లుపడింది. చిన్నప్పట్నుంచీ ఆయన పక్కన టార్చిలైటు పట్టుకుని నిలబడ్డదాన్ని, ఆయన ఒక్క గొట్టం పాడుచెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

విచారణ కాగితాలు పాత కోర్టు భవనంలోని రికార్డు రూములో ఉన్నాయి. అక్కడ ఒక సన్నటి పెద్దాయన ఉండేవాడు. ఎవరు పేజీ తిప్పినా "నెమ్మది, నెమ్మది" అనేవాడు. అందుకని విద్యార్థులం ఆయనకి నెమ్మదిగారు అని పేరు పెట్టాం. మూడు వారాలు రోజూ పొద్దున్నే వెళ్ళి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాను. నాలుగు కట్టలు. ఎర్రదారం విప్పితే పెళపెళలాడే కాగితాలు, చేతికి అంటుకునే దుమ్ము.

మొదటి రెండు కట్టల్లో నేను కోరుకున్నదంతా ఉంది. లాంచీ అడుగురేకుకి మూడు చోట్ల అతుకులు. నీళ్ళు తోడే పంపు పనిచెయ్యడం లేదని తాతయ్య రెండుసార్లు కంపెనీకి అర్జీ పెట్టాడు, ఆ రెండూ ఆయన చేతిరాతతోనే ఉన్నాయి. డెబ్బైమందికి లైసెన్సున్న లాంచీలోకి ఆ రోజు నూట నలభై మూడు టికెట్లు చించారు. మొదటి రోజు తాతయ్య చెప్పిన వాంగ్మూలం కూడా దొరికింది. "నేను తాగను. పెళ్ళినాడే మా ఇంటిదానికి మాట ఇచ్చితిని. నేటి వరకు ముట్టలేదు."

నేల మీద కాళ్ళు నిలవలేదు. నేరుగా మేడమ్ గదికి పరిగెత్తాను. ఆవిడ ఫోటోకాపీలన్నీ చూసి, "బాగుంది. మిగతా కట్టలు చదివావా?" అని అడిగారు.

"ఇంకా లేదు మేడమ్. ఇందులోనే అంతా తేలిపోయింది కదా."

"కావలసింది చేతికందిన రోజే మరింత జాగ్రత్తగా ఉండాలమ్మా. వెళ్ళి మిగతావీ చదువు."

మూడో కట్టలో సాక్షులున్నారు. పడవవాళ్ళు, ఈది గట్టెక్కినవాళ్ళు, టికెట్ల గుమాస్తా. పద్నాలుగో సాక్షి దగ్గర పేరు చదివాను. వయసు చదివాను. పదకొండు. తండ్రి పేరు చదివాను. అయినా అర్థం కానట్టే కూర్చున్నాను.

అర పేజీ ఉందంతే.

"అవును, మా నాన్న ఆ దినమున తాగినాడు. అవును, ఇంటినుండి బయలుదేరకముందే తాగినాడు. అవును, వాసన వచ్చినది. అవును, ఇంతకుముందును తాగుట చూచితిని. మా నాన్నను ఇంటికి ఎప్పుడు పంపెదరని సాక్షి అడిగెను."

కింద సంతకం. గుండ్రటి అక్షరాలు, బాగా వత్తి రాసినవి. కాగితం వెనక్కి తిప్పి తడిమితే వేలికి తగిలాయి.

"నెమ్మది" అన్నాడు పెద్దాయన అవతలి బల్ల నుంచి. నేను తర్వాతి పేజీకి వెళ్ళలేదు.

మర్నాడు మేడమ్‌కి చూపించాను. సాక్షి ఎవరో కూడా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. రెండుసార్లు చదివారు.

"ఇందులో పిల్లవాడి మాటలు ఎన్ని ఉన్నాయి?"

"అన్నీ ఆయన చెప్పినవే మేడమ్."

"చూడు. ఇది ఆఫీసరు గదిలో రాసుకున్నది. ప్రశ్నలు రాయలేదు, జవాబులే రాశారు. నాలుగు 'అవును'లు. 'మీ నాన్న తాగాడా?' అవును. 'ముందే తాగాడా?' అవును. 'వాసనొచ్చిందా?' అవును. ఆ మాటలన్నీ అడిగినవాడివి. పిల్లవాడు సొంతంగా అన్నది ఆఖరి వాక్యం ఒక్కటే."

ఆవిడ ఫోటోకాపీ నా చేతికి తిరిగిచ్చి, "ఇంకో అంశం తీసుకోవాలంటే తీసుకో. టైముంది. నేను తప్పుగా అనుకోను" అన్నారు. నేను గుమ్మం దాకా వచ్చాక, "కానీ ఈ అంశమే రాస్తే మాత్రం, ఈ కాగితం వదిలేసి రాయకూడదు" అన్నారు.

వారం రోజులు నేను రికార్డు రూము వైపు వెళ్ళలేదు. ఇంట్లో అందరితో మామూలుగా ఉండబోయి, మామూలుగా ఎలా ఉంటారో మర్చిపోయినదానిలా తిరిగాను. నాయనమ్మ నా మొహం చూసి, "ఏమే, ఎవడైనా నచ్చాడా? అయితే చెప్పు, నాకు కళ్ళున్నప్పుడే చూస్తా" అంది. ఆవిడకి ఎనభై రెండు. కంటి పొర వల్ల మనుషుల్ని అడుగుల చప్పుడు బట్టి పోల్చుకునేది. నోరు మాత్రం ఇరవై ఏళ్ళ పిల్లది.

ఆ ఆదివారం నాన్న ఒక బేకరీలో పెద్ద ఫ్రీజరు బాగుచెయ్యడానికి వెళ్తూ, "టార్చి పట్టుకోడానికి వస్తావా?" అని నన్ను అడిగాడు. ఏళ్ళయింది నన్నలా పిలిచి. బేకరీ సెలవు. వెనక తలుపు తీసి మమ్మల్ని లోపల వదిలేసి ఓనరు వెళ్ళిపోయాడు. ఖాళీ ట్రేల మధ్య నాన్న ఫ్రీజరు వెనక్కి దూరాడు. నేను టార్చి పట్టుకున్నాను. ఒక్కొక్క స్క్రూ తీసి నా అరచేతిలో పెడుతున్నాడు.

"దొరికిందా?" అన్నాడు, అటు తిరిగే.

ఏది అని అడగలేదు నేను. "దొరికింది నాన్నా."

ఇంకో రెండు స్క్రూలు తీశాడు.

"ఆ టికెట్ల గుమాస్తా మన పక్కింట్లో ఉండేవాడు. నేను మామయ్యా అని పిలిచేవాణ్ణి. నాన్నని పట్టుకెళ్ళిన మర్నాడు వచ్చి నన్ను మెట్ల మీద కూర్చోబెట్టాడు. 'మీ నాన్న తెలివిలో ఉండి ముంచాడంటే ఉరి తీస్తార్రా. మత్తులో తెలీక ముంచాడంటే నాలుగు రోజులుంచి పంపేస్తారు. నువ్వు చెప్పేదాన్ని బట్టి ఉంటుంది' అన్నాడు. బెదిరించలేదు. నాకేమీ కొనివ్వలేదు. చెయ్యి పట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్ళాడంతే. వాడు కంపెనీ కోసం నన్ను మోసం చేశాడో, వాడూ నిజంగా అదే నమ్మాడో, ఇప్పటికీ నాకు తెలీదు."

"తాతయ్య తాగేవాడా?"

"నేనెప్పుడూ చూళ్ళేదు."

ఫ్రీజరు వెనక పలక ఊడి వచ్చింది. దాన్ని గోడకి ఆనించి, ఆ సందులోనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నాలుగు రోజులు లెక్కపెట్టాను. ఐదో రోజు గుమ్మంలో కూర్చున్నాను. ఆ తర్వాత ఆరేళ్ళు."

"నాయనమ్మకి ఎందుకు చెప్పలేదు?"

"మొదట్లో భయం. పిన్ని పోయిన ఇల్లది, అమ్మ మొహం చూడ్డానికే భయమేసేది. తర్వాత నాన్నొచ్చాడు, ఆయనే చెప్పుకుంటాడులే అనుకున్నాను. ఆయన చెప్పలేదు. అసలు ఆ మాట నేనన్నానని ఆయనకి తెలుసో లేదో కూడా నాకు తెలీదు. ఒక్కింట్లో ఉన్నాం అన్నేళ్ళు. రోజూ భోజనాల దగ్గర ఇవాళ అడుగుతాడు, ఇవాళ అడుగుతాడు అనుకునేవాణ్ణి. ఉప్పు అందించమనేవాడు."

టార్చి వెలుగు ఎటో పోయింది. "ఇటు పట్టమ్మా, కనపడ్డంలేదు" అన్నాడు.

సోమవారం నేను నాలుగో కట్ట అడిగాను. అందులో ఎక్కువగా కంపెనీ వకీలు వాదనలే. అడుగున, మూడో రోజు తాతయ్యని మళ్ళీ పిలిచినప్పటి కాగితం ఉంది. అది బహిరంగ విచారణ కాబట్టి ప్రశ్నలు కూడా రాశారు. నిలబడే చదివాను, తర్వాత కూర్చుని చదివాను. తర్వాత ఇంటికెళ్ళి నాన్నతో, "రేపు నాతో రావాలి. నేను చెప్తే సరిపోదు, నువ్వే చూడాలి" అన్నాను.

పీకల దాకా పని ఉన్న రోజుల్లో ఆయన షాపు మూశాడు. రికార్డు రూము బయట కుళాయి దగ్గర సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు, గోళ్ళ సందుల్లో నలుపు పోలేదని మళ్ళీ కడుక్కున్నాడు. నెమ్మదిగారు ఆయన్ని చూసి, ఏమీ అడక్కుండా తన కుర్చీ తెచ్చి వేశాడు. నాన్న కాగితం మీద వేలు ఆనకుండా, గాల్లో పెట్టి, ఒక్కో పదం కిందా జరుపుకుంటూ చదివాడు.

"ప్రశ్న: నీ కుమారుడు నిన్న ఇచ్చిన వాంగ్మూలము నీకు చదివి వినిపించబడినది. దానికి నీవేమి చెప్పెదవు? (సాక్షి కొంతసేపు జవాబు చెప్పలేదు. మంచినీళ్ళు అడిగి పుచ్చుకొనెను.) జవాబు: మావాడు అబద్ధమాడడండి. వాడు చెప్పినదే రాసుకోండి.

ప్రశ్న: అట్లయిన మొదటి దినమున నీవు చెప్పినది అబద్ధమా?

జవాబు: అలాగే రాసుకోండి."

నాన్న చివరిదాకా వచ్చి, మళ్ళీ మొదటికి వెళ్ళాడు. ఫ్యాను తిరుగుతోంది. ఎక్కడో ఎవరో స్టాంపు వేస్తున్న చప్పుడు.

"మూడో రోజుకే తెలుసు ఆయనకి" అన్నాడు.

కాసేపయ్యాక నెమ్మదిగారి వైపు తిరిగి, "దీన్ని ముట్టుకోవచ్చాండీ?" అని అడిగాడు. ఎవర్నీ సిరా మీద చెయ్యి వెయ్యనివ్వని ఆ పెద్దాయన తలూపి, లేచి కిటికీ వైపు వెళ్ళి అటే నిలబడ్డాడు. నాన్న తన చూపుడు వేలు తాతయ్య సంతకం మీద పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. నేను ఏడుస్తుంటే ఆయన నా భుజం తట్టాడు. ఇంటి మలుపు వచ్చాక, "అమ్మకి చెప్పాలి" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే చెప్పాడు. అమ్మ ఆస్పత్రి మందుల కౌంటర్లో డ్యూటీకి వెళ్ళింది. నేను ముందుగదిలో ఉండిపోయాను. తలుపు వెయ్యలేదు, కాబట్టి వినపడింది. నాన్న నాయనమ్మ మంచం పక్కన కింద కూర్చుని, మెట్ల మీద గుమాస్తా చెప్పిన మాటల నుంచి ఇవాళ చదివిన కాగితం దాకా, ఎక్కడా ఆగకుండా చెప్పాడు. తనని వెనకేసుకురాలేదు. నాయనమ్మ ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండటం నాకు తెలిసి అదే మొదలు.

"అయిందా?" అంది చివరికి.

"అయిందమ్మా."

"అయితే లే. గుమ్మంలో ఎవరో ఫ్రిజ్ తెచ్చినట్టున్నారు, పోయి చూసుకో."

నిజంగానే ఎవరో వచ్చి ఉన్నారు. నాన్న లేచి వెళ్ళి మాట్లాడాడు, ఫ్రిజ్ దింపించాడు.

సాయంత్రం నాయనమ్మ నన్ను పిలిచింది. నాన్న వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చెయ్యి చాస్తే అందేంత దగ్గర.

"మీ నాన్నకి టీ అక్కడ పెట్టానని చెప్పు" అంది నాతో.

అమ్మ చేతిలో గిన్నె కింద పెట్టేసింది. నాన్న నా వైపు చూశాడు, చెప్పమన్నట్టు. నేను తల తిప్పుకున్నాను. ఆయనే వెళ్ళి టీ తీసుకున్నాడు.

అది మొదలు. "మీ నాన్న చొక్కా ఆరిందని చెప్పు." "మీ నాన్న కోసం ఎవరో వచ్చారని చెప్పు." మూడో రోజుకి అమ్మ నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి, "ఏం ఉద్ధరించావే? ఒకళ్ళయ్యారు, ఇప్పుడు రెండోవాళ్ళా?" అని నోరునొక్కుకుని ఏడ్చింది. మూడేళ్ళు చదివిన చదువు నా ఇంట్లో తెచ్చిపెట్టింది ఇది. ప్రాజెక్టు కాగితాలన్నీ అట్టపెట్టెలో పడేసి, నాన్న దగ్గరికెళ్ళి, "నేనింకేదైనా రాస్తాను నాన్నా. మార్కెట్టు మీదో, పాత రోడ్ల మీదో" అన్నాను.

ఆయన కంప్రెసరు మూత బిగిస్తున్నాడు. "మా నాన్న పెట్టిన అర్జీలు ఎవరైనా చదివారా ఇన్నాళ్ళూ?"

"కంపెనీవాళ్ళు చదివుంటారు. తర్వాత ఎవరూ చదివినట్టు లేదు."

"అయితే రాయి. నాది కూడా రాయి, ఉన్నదున్నట్టు."

రాశాను. ఎనభై అనుకున్నది తొంభై ఆరు పేజీలయింది. తాతయ్య తాగలేదని నేను రాయలేదు, అది నాకు తెలీదు కాబట్టి. అతుకుల గురించి, పంపు గురించి, నూట నలభై మూడు టికెట్ల గురించి రాశాను. ఆయన తాగాడనడానికి విచారణ చూపించిన ఆధారం, పదకొండేళ్ళ పిల్లవాడి నాలుగు 'అవును'లూ, ఆ పిల్లవాణ్ణి అబద్ధాలకోరు కానివ్వని తండ్రి ఒక్క జవాబూ, అంతేనని రాశాను. పద్నాలుగో సాక్షి నాకేమవుతాడో ముందుమాటలో చెప్పాను. మేడమ్ అది చదివి మార్జిన్లో పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టారు. వేరే ఏమీ రాయలేదు.

టైపు చేసిన కాగితాలు ఇంటికి తెచ్చిన రోజు, నాయనమ్మ నా అడుగుల చప్పుడు విని నడిమిగదిలోకి రమ్మంది. అప్పటికి నాన్నతో మాట మానేసి పదకొండు రోజులు.

"అదేనా?"

"అదే నాయనమ్మా."

"మీ తాత అన్నమాట చదువు. నీ కవిత్వం వద్దు. ఆయనన్నది చదువు."

మొదటి రోజుది చదివాను. 'పెళ్ళినాడే మా ఇంటిదానికి మాట ఇచ్చితిని' దగ్గర ఆవిడ పెదవులు కదిలాయి, నాతోపాటు ఆ మాట అంటున్నట్టు. మూడో రోజుది చదివాను. మళ్ళీ చదవమంది. మూడోసారి కూడా చదవమంది.

"మంచినీళ్ళడిగాడని రాశారా?"

"రాశారు."

"ఎవరిచ్చారో రాయలేదా?"

"లేదు నాయనమ్మా."

ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది, సర్దినవే మళ్ళీ సర్దుకుంది. "ఆరోజు తనని చూడ్డానికి నన్ను రమ్మని కబురు పంపాడు" అంది. "నేను పోలేదు."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోలేదు గాని, పట్టించుకోనూ లేదు. చాలాసేపటికి మంచం అంచు పట్టుకుని లేచింది. నేను సాయం పట్టబోతే వద్దంది. గోడ తడుముకుంటూ ముందుగది వైపు నడిచింది. ఆ గదిలో ఇనుపసామాను కాళ్ళకి తగులుతుందని ఆవిడ ఏళ్ళ తరబడి అటు అడుగుపెట్టలేదు. గుమ్మంలో ఆగింది. నాన్న నేల మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో పానా. చప్పుడు ఆపేశాడు.

"ఒరేయ్" అంది.

నాన్న లేచి నిలబడ్డాడు.

"మాట్లాడకుండా ఉండి ఒకసారి చూశాన్రా నేను. దానివల్ల ఏమీ కాలేదు. రా, భోజనానికి రా."

"వస్తున్నానమ్మా" అన్నాడు. పానా కింద పెట్టాడు.

అమ్మకి ఆ రోజు సెలవు. అందరం కూర్చున్నాం. నాయనమ్మే వడ్డించింది, చేత్తో కంచం అంచు వెతుక్కుని. నాన్న ముద్ద కలిపాడు గాని తినలేదు.

"నిన్ను అడిగినప్పుడు ఆ గదిలో ఎంతమంది ఉన్నార్రా?"

"ఐదుగురో, ఆరుగురో అమ్మా."

"పెద్దవాళ్ళేనా అందరూ?"

"ఆఁ."

"కూర్చోబెట్టారా, నిలబెట్టారా?"

"నిలబెట్టారు."

"నేనెక్కడున్నాను?"

నాన్న కంచంలోకి చూశాడు. "నువ్వు రేవులో ఉన్నావమ్మా. పిన్ని కోసం."

"అవును" అంది నాయనమ్మ. "రేవులో ఉన్నాను. అది ఇంకా దొరకలేదప్పటికి. ఒక్కొక్కళ్ళని తెస్తున్నారు. నువ్వు తిన్నావో లేదో కూడా నేను చూసుకోలేదు ఆ మూడు రోజులు." కాస్త ఆగి, "ఎవరు పెట్టార్రా నీకు తిండి?" అంది.

నాన్న చెప్పడం మొదలుపెట్టాడు. ఎదురింటివాళ్ళు పెట్టిందీ, మెట్ల మీద కూర్చుని లాంచీ హారన్ కోసం విన్నదీ, ఐదో రోజు సంగతీ. ఆవిడ మధ్యమధ్య అడుగుతోంది, ఆయన చెబుతున్నాడు. తర్వాత ఆవిడ తన చెల్లెలి గురించి చెప్పింది, ఆమె ఎలా నవ్వేదో. ఆ తర్వాత, మా ఇంట్లో నేను ఎన్నడూ వినని విధంగా, తాతయ్య గురించి చెప్పింది. పెళ్ళినాడు మాటిచ్చేటప్పుడు ఆయనకి దగ్గొచ్చి మధ్యలో ఆగిపోయాడట, తను మళ్ళీ మొదట్నుంచీ చెప్పమందట.

అమ్మ కంచాలు తియ్యబోయి, తియ్యకుండానే కూర్చుండిపోయింది. బయట ఎవరో ఫ్రిజ్ తెచ్చి రెండుసార్లు పిలిచి వెళ్ళిపోయారు. ఆ రోజు మా మధ్యాహ్నం భోజనాలు ముగిసేసరికి ఇంట్లో లైటు వెయ్యాల్సి వచ్చింది.